నూకాలు పీట

అనగనగా... ఎప్పుడని అడక్కండి, ఎక్కడని అడక్కండి. మబ్బులు కిటికీలోంచి లోపలికొచ్చి, కాసేపు కూర్చుని పోయే కొండ ఒకటి ఉండేది. ఆ కొండ మీద పెద్ద విద్యాపీఠం. విద్యాపీఠంలో పుస్తకాల ఇల్లు. ఇల్లంటే మామూలు ఇల్లా! దూలాల దాకా తాటాకు పుస్తకాలే. గాలి వీస్తే ఆకులన్నీ గుసగుసలాడేవి. నిద్రలో ఎవరో పాఠం వల్లిస్తున్నట్టుండేది.

ఆ ఇంటిని చూసుకునేది నూకాలు అనే ముసలావిడ. పురుగు పట్టకుండా ఆకులకి నిమ్మగడ్డి నూనె రాసేది. కావలసిన పుస్తకాన్ని ఎలా వెతుక్కోవాలో పిల్లలకి నేర్పేది. మిగతా పొద్దంతా గుమ్మం పక్కన పీటేసుకుని, ఒళ్ళో మరమరాలు పోసుకుని కూర్చునేది. చదువు చెప్పడానికి పంతుళ్ళు బోలెడుమంది ఉన్నారు. చదువుకోవడం ఎలాగో చెప్పేది మాత్రం నూకాలొక్కతే.

ఎలా చెప్పేదనుకున్నారు? ఎవరేం చదివి వచ్చినా చేతిలో గుప్పెడు మరమరాలు పోసేది. "అంటే ఏంటి నాయనా? నాకు అర్థమయ్యేలా చెప్పు" అనేది. అంతే!

ఒకసారి దాలయ్య అనే కుర్రాడు ఆ కొండెక్కి వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో పశువులు పిట్టల్లా రాలిపోయాయి. మిగిలిన ఆవుల్నైనా బతికించుకోవాలని, పశువైద్యం నేర్చుకు రమ్మని ఊరంతా కలిసి అతన్ని పంపింది. సభలో పరీక్ష నెగ్గితేనే వైద్యుడు. నెగ్గకపోతే మూటాముల్లె సర్దుకుని కొండ దిగిపోవలసిందే. ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు పాపం!

దాలయ్య పుస్తకమంతా గడగడా అప్పజెప్పేసేవాడు. కానీ ఒక చిక్కుంది. మధ్యలో ఆపి ఏదైనా అడిగారో, అయిపోయాడే! మళ్ళీ మొదటి ఆకు నుంచి ఎత్తుకోవలసిందే. "ఆవు చచ్చి చల్లబడేదాకా ఇతగాడు మొదటి ఆకులోనే ఉంటాడు" అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు.

ఏడుపు మొహంతో నూకాలు దగ్గరికొచ్చాడు. పుస్తకమంతా అప్పజెప్పాడు.

"బాగుంది. అంటే ఏంటి నాయనా? నాకు అర్థమయ్యేలా చెప్పు" అంది నూకాలు.

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

నూకాలు నవ్వలేదు. "ఆ ఆకు పట్టుకుని కొట్టంలోకి పో. ఆవు పక్కన కూర్చుని చదువు" అంది.

వెళ్ళాడు. ఆవు డొక్క మీద చెయ్యేసి ఒక్కో మాటా చదివాడు. ఆకులో మాట చేతికి వెచ్చగా తగిలింది. పరుగెత్తుకుంటూ వచ్చి సగం చెప్పాడు. సగంలో ఆగిపోయాడు.

"తర్వాతది నాకు తెలీదవ్వా" అని తల దించుకున్నాడు.

"తెలీదంటే తప్పేముంది? ఎక్కడ వెతుకుతావో అది చెప్పు."

వెతికాడు. చదివాడు. కొట్టానికి పోయాడు. మూడోసారి వచ్చి చెప్తూ చెప్తూ, చేతిలో మరమరాలు తినడమే మరిచిపోయాడు.

"ఇప్పుడు అర్థమైంది నాయనా" అంది నూకాలు. ఆ మాటకి దాలయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

పరీక్ష ఇంకా రానే లేదు. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, నూకాలు పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే కన్నుమూసింది. ఒళ్ళో మరమరాలు ఒక్కటీ ఒలకలేదు. ఆవేళ కిటికీలోంచి వచ్చిన మబ్బు ఎంతకీ వెనక్కి పోలేదంటారు. దాలయ్య కన్నతల్లి పోయినట్టు ఏడ్చాడు.

సభ పుస్తకాల ఇంట్లోనే జరిగింది. పెద్ద పంతులు అడిగాడు. "ఆవు మేత ముట్టడం లేదు. ఎడమ డొక్క డప్పులా మోగుతోంది. ఏం చేస్తావు?"

దాలయ్య నోరు తెరిచాడు. మొదటి ఆకులో మొదటి మాట వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అడిగింది చెప్పవయ్యా!"

కళ్ళ ముందు ఊళ్ళో ఆవులు కదిలాయి. దిక్కుతోచక గుమ్మం వైపు చూశాడు. పీట ఖాళీగా ఉంది. అంతలో చిన్న మబ్బొకటి లోపలికొచ్చింది. మెల్లగా వెళ్ళి ఆ పీట మీద కూర్చుంది. గుప్పుమని నిమ్మగడ్డి నూనె వాసన వేసింది.

దాలయ్య పంతుళ్ళకి వీపు పెట్టి, పీట ముందు చతికిలబడ్డాడు.

"చూడవ్వా, పాపం దాని పొట్టలో గాలి చేరింది. పడుకోనివ్వకూడదు. ముందుకాళ్ళు మిట్ట మీద ఉండేలా నిలబెట్టాలి. డొక్క రుద్దాలి. నెమ్మదిగా నూనె తాగించాలి."

"అప్పటికీ తగ్గకపోతే?" అన్నాడు పెద్ద పంతులు.

"అది నాకు తెలీదవ్వా. ఉత్తరం గోడ దగ్గర, పై అరలో ఉంటుంది. వెతికి చెప్తా" అని పీటకే జవాబు చెప్పాడు దాలయ్య.

వీపు చూపించినందుకు పెద్ద పంతులు మండిపడతాడనుకున్నారు అంతా. ఆయన పీట వంక చూశాడు.

"అవ్వ సంగతి తెలీదు గానీ, నాకైతే అర్థమైంది. పో నాయనా, మీ ఆవులు ఎదురుచూస్తుంటాయి" అన్నాడు.

దాలయ్య ఊరెళ్ళాడు. ఆవులు బతికాయి. వాటికి దూడలు, ఆ దూడలకి దూడలు పుట్టాయి.

ఆ కొండ మీద పుస్తకాల ఇంటి గుమ్మం పక్కన ఇప్పటికీ ఖాళీ పీట ఉంటుందట. దాని మీద ఎవరూ కూర్చోరు. పరీక్షకి వెళ్ళేవాళ్ళు గుప్పెడు మరమరాలు పెట్టి, చదివింది దానికి చెప్పి వెళ్తారు. ఎవరైనా మరీ గడగడా అప్పజెబితే, "నూకాలుకి చెప్పావా?" అంటారు.

ఏమే చిన్నీ, ఆవులిస్తున్నావు, కథ అర్థమైందా? తల ఊపితే సరిపోదమ్మా! ఇదిగో పీట. ఇవిగో మరమరాలు. దానికి చెప్పు, నేను వింటాను.