భద్రాచారి ఊదుగొట్టం

అనగనగా, మరీ అంత అనగనగా కాదులే బుజ్జమ్మా, ఒక ఊళ్ళో భద్రాచారి అని ఒక కంసాలి ఉండేవాడు. ఊఁ కొట్టు మరి, గోడకి చెబుతున్నానా?

ఆయన దీపం ముందు కూర్చుని, సన్నటి ఇత్తడి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, మంటని నగ మీదికి ఊదేవాడు. అట్లా ఊదితేనే బంగారం అతుక్కునేది. ఊపిరి మధ్యలో తెగిందా, అతుకు పోయినట్టే. అట్లాంటాయనకి ఉబ్బసం వచ్చింది. ఊదుడే బతుకైనవాడు ఊపిరి ఆడట్లేదని ఎట్లా చెబుతాడు? సిగ్గేసి దాచాడు.

మొదట ఒక ఉంగరం అతుకు ఊడింది. "నూనె మంచిది కాదు" అన్నాడు. ఆ తర్వాత ఒక గొలుసు ఊడింది. "ఈ పిల్ల దీపం కదిలించింది" అని కూతురి వీపు మీద ఒక్కటి వేశాడు. అయ్యో రాత, దీపం నేను ముట్టుకోనేలేదు! అవునే, ఆ కూతుర్ని నేనే. ఆయన మా నాన్న.

అప్పుడు సూరమ్మ అని ఒక ముసలావిడ, మనవరాలి పెళ్ళికని తన కమ్మలు బాగుచెయ్యమని తెచ్చింది. అవీ ఊడాయి. నాన్న తలెత్తకుండా, "నీ బంగారంలో కల్తీ ఉందమ్మా" అన్నాడు.

ఊరంతా గుప్పుమంది. పెళ్ళివారు కూడా గుసగుసలాడారు. పాపం సూరమ్మ పంపు దగ్గరికి రావడమే మానేసింది. నాన్న రొప్పడం నేను చూస్తూనే ఉన్నాను, అయినా ఎవరికీ చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతానే.

ఆ తర్వాత నాన్నకి ఆయాసం ముదిరి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు మందిచ్చాడు. నర్సమ్మ పక్కన కూర్చుని, "ముక్కుతో మెల్లగా పీల్చు, పొట్ట పైకి రావాలి. పెదాలు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెండింతలసేపు వదులు. మందు మానకుండా రోజూ చెయ్యి" అంది.

నాన్న బావురుమన్నాడు. "నా పని నాకే నేర్పుతున్నావు తల్లీ! ఎవరికి తెలిసిపోతుందోనన్న భయంతో ఎగరొప్పి ఎగరొప్పి అంతా మర్చిపోయాను."

నెల్లాళ్ళు మందు వేసుకుంటూ అట్లాగే చేశాడు. అప్పుడు మా ఇంట్లోనే ఉండిపోయిన సూరమ్మ కమ్మలు తీసి మళ్ళీ ఊదాడు. అదే బంగారం, అదే దీపం. అతుకు నిలిచింది. సిగ్గుతో నాన్న మొహం నల్లగా మాడిపోయింది.

నన్ను వెంటబెట్టుకుని సూరమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. "కల్తీ నీ బంగారంలో లేదమ్మా. నాకు ఉబ్బసం. ఊరందరి ముందూ చెబుతాను" అన్నాడు.

సూరమ్మ కమ్మలు అందుకుని, "నీ రొప్పు నాకు ఆ రోజే వినపడింది నాయనా. నేను బయటపెడితే నీ గడప ఎవరు తొక్కుతారని ఊరుకున్నాను" అంది.

నాన్న ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. నేను ఆయన వెనక దాక్కున్నాను.

ఏమే, ఊఁ కొట్టడం మానేశావే? పొద్దున ఆటలో ఆయాసమొచ్చి ఆగిపోయి, నీ నేస్తం మల్లిక కాలు అడ్డం పెట్టిందని చెప్పావటగా? నీ రొప్పు నాకూ వినపడిందిలే. ఛ, ఏడవకు. ముక్కుతో పీల్చు... పెదాలు చుట్టి మెల్లగా వదులు... ఆఁ, అట్లా. రేపు మల్లిక వాళ్ళింటికి నేనూ వస్తాను. గుమ్మం ముందు నిజం మాత్రం నువ్వే చెప్పాలి.

కథ నడిచింది కంచికి,
మనసు తిరిగింది మంచికి,
ఊపిరి చేరింది ఇంటికి.