రాగి ఏనుగుకి తెలిసిన ఏడు మాటలు

ఇది మీరు నమ్మరు. నమ్మినట్టు తలూపుతారు గానీ నమ్మరు, కావాలంటే పందెం. ఆఖరిదాకా చదివి, అప్పుడు అబద్ధమనండి చూద్దాం.

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యంలో ఒక ఏరు, ఏటి గట్టు మీద ఒక రాగి ఏనుగు. ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. దానికి మేత లేదు, నిద్ర లేదు. చెప్పిన పని చేస్తది. చెప్పనిది చచ్చినా చెయ్యదు.

వస్తువులు చూపిస్తే గుర్తుపడతది గానీ, దానికి అర్థమయ్యే మాటలు మాత్రం ఏడే ఏడు. నడు. ఆగు. ఎత్తు. దించు. అయితే. లేకపోతే. మళ్ళీ.

ఆ ఏడూ నేర్పడానికి గట్టు మీద పోలయ్య తాత అని ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర చేరింది ఇద్దరే. వరాలు అని ఒక అమ్మాయి, సింహాద్రి అని ఒక అబ్బాయి.

మొదటి నెలంతా తాత ఒక్క మాటే నేర్పాడు. ఆగు. నడవమనడం ఎవడికైనా వస్తది, ఎక్కడ ఆగాలో చెప్పడమే చదువు అనేవాడు. సింహాద్రికి ఒళ్ళు మండిపోయేది. నెల్రోజులు ఇలా ఆగుతూ కూర్చుంటే నేనూ రాగైపోతానని గొణిగేవాడు. వరాలు పగలబడి నవ్వేది.

ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ చాలాకాలం వినబడదు.

అప్పుడొచ్చారు పైదేశం వర్తకులు, తాటాకు కట్టలు మోసుకుని. ప్రతి కట్టకీ ఎర్రతాడు, ముడి మీద లక్క ముద్ర. కట్టని అలాగే తీసుకెళ్ళి ఏనుగు నోట్లో పెడితే చాలు, పని అయిపోద్ది. దుంగలు మోసే కట్ట ఒకటి, దండ వేసే కట్ట ఒకటి, తలుపెత్తే కట్ట ఒకటి. మనం ప్రోగ్రామింగ్‌లో ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, అదే లైబ్రరీ, తెచ్చుకుని నాలుగు లైన్లలో పని కానిచ్చేస్తాం చూడండి, అచ్చం అదే.

కట్టుబాటు ఒక్కటే. ముడి విప్పకూడదు. విప్పితే కట్ట రాసిన గురువుని అవమానించినట్టట. విప్పినవాళ్ళని పొలిమేర దాటించేసేవాళ్ళు.

సింహాద్రి ఆ రోజే తాతకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్తూ వరాల్ని కూడా రమ్మన్నాడు. తనకింకా ‘అయితే’ సగమే అర్థమైందనీ, అది పూర్తయ్యాక వస్తాననీ చెప్పింది. అది పూర్తయ్యేసరికి సింహాద్రి రాజుగారి ఏనుగు అధికారి అయిపోయాడు.

మరుసటేడు తాత పోయాడు. గట్టు మీద మిగిలింది వరాలు ఒక్కతే. ఏనుగు కూడా పని లేనప్పుడే వచ్చి నిలబడేది.

వరాలు రోజూ దానితో మాట్లాడేది. నడు అంటే నడిచేది. ఆగు అంటే ఆగేది. ఒకసారి ఊరికే, ఎలా ఉన్నావు అని అడిగింది. ఏనుగు కదల్లేదు. ఆ మాట దానికి రాదు కదా.

అలా ఆరేళ్ళు.

ఒక పండక్కి రాజుగారి ముందు సింహాద్రి కట్ట పెడితే, ఏనుగు గిరగిరా తిరిగి ఆయన మెడలో దండేసింది. జనం చప్పట్లు. తర్వాత ఎవరో సరదాకి వరాల్ని పిలిచారు. ఆమె చెప్తే ఏనుగు పది అడుగులు నడిచింది. దారిలో కోడిపిల్ల అడ్డొస్తే కాలు గాల్లోనే ఆపి, అది పోయాక మళ్ళీ నడిచింది. కోడిపిల్లని ఎవరూ చూళ్ళేదు.

“ఆరేళ్ళు కూర్చుని పది అడుగులా వరాలూ? ఏడాదికి రెండు కూడా పడలేదే” అన్నాడు ఒక పెద్దమనిషి. అందరూ నవ్వారు. సింహాద్రి కూడా.

ఆమె గట్టు మీదికొచ్చి ఏనుగు కాలికి ఆనుకుని కూర్చుంది. ఎండకి రాగి కాలిపోతోంది, అయినా జరగలేదు. ఆనుకోవడానికి ఇంకెవరూ లేరు.

ఆ శ్రావణంలో ఏరు పొంగింది.

ఊరికి పైన గట్టులో ఒక రాతి తలుపుంది. దాన్నెత్తితే వరద పక్కకి తిరిగి సముద్రం వైపు పోద్ది. ఎత్తకపోతే గట్టు తెగి ఊరు పోద్ది. రాతి తలుపు ఎత్తాలంటే ఏనుగే ఎత్తాలి. నీళ్ళ హోరుకి దాని చెవిలో అరిచినా వినబడదు, కాబట్టి కట్టే దిక్కు.

సింహాద్రి తలుపెత్తే కట్ట పెట్టాడు. ఏనుగు ఎత్తింది. నీళ్ళు తలుపు పక్క గోడ మీది గీత కిందికి దిగాయి. దిగగానే తలుపు దించేసింది. నీళ్ళు మళ్ళీ పెరిగాయి. ఎత్తింది. దించింది. ఎత్తింది. దించింది. తలుపు పడ్డ ప్రతిసారీ గట్టు అదిరి మట్టి పెళ్ళలు రాలుతున్నాయి.

ఇంకో కట్ట పెట్టాడు. ఏనుగు అంత వరదలోనూ దండ కోసం వెతికింది. మూడోది పెట్టాడు. ముంగాళ్ళు వంచి, వరద చూడ్డానికొచ్చిన రాజుగారికి సలాం చేసింది. మళ్ళీ మొదటిదే పెట్టాడు. వాళ్ళమ్మ ఉండే ఇల్లు గట్టు కిందే.

వరాలు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఏనుగు నోట్లోంచి కట్ట లాగింది. గోరు ముడి మీద పెట్టింది.

సింహాద్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “విప్పితే నిన్ను ఊళ్ళో ఉండనివ్వరు.”

“ఇప్పుడు ఊళ్ళో నాతో మాట్లాడేదెవరు, సింహాద్రీ?”

అతను చెయ్యి వదిలేశాడు.

లోపల ఏం మహామంత్రాలున్నాయో అని జనం కళ్ళు మూసుకున్నారు. ఉన్నది ఒక్క తాటాకు. దాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ బరువుకి ఖాళీ ఆకులు. దాని మీద ఇంతే రాసుంది: నీళ్ళు గీత దాటాయా, అయితే ఎత్తు, లేకపోతే దించు, మళ్ళీ.

అవే మాటలు. తాత నేర్పినవే. కొత్తది ఒక్కటి లేదు. పైగా ఉండాల్సిన మాట ఒకటి తక్కువ.

రాసినవాళ్ళ తప్పేం కాదు. వాళ్ళ చిన్న కాలువకి అది సరిపోయుంటది. మన ఏరుని వాళ్ళెప్పుడు చూశారు?

వరాలు గంటం తీసి ‘దించు’ని కొట్టేసి, ఆ పక్కన ‘ఆగు’ అని గీసింది. కట్టని ఏనుగు నోట్లో పెట్టింది.

ఏనుగు తలుపెత్తింది. నీళ్ళు గీత కిందికి దిగాయి. ఏనుగు ఆగింది. తలుపు పైకెత్తి పట్టుకుని, అలాగే ఆగింది. పొద్దు వాలేదాకా వరదంతా పక్కకి పోయింది. ఊరు మిగిలింది.

అంతా అయ్యాక వరాలు కట్ట పారెయ్యలేదు. మంచి కట్టే అంటూ మళ్ళీ ఎర్రతాడు చుట్టింది. ముడి మాత్రం వదులుగా వేసింది.

రాజుగారు అక్కడికక్కడే ఆ పొలిమేర కట్టుబాటు కొట్టేశారు. నీకేం కావాలో కోరుకోమ్మా అన్నారు.

“ఎవరైనా గట్టు మీదికొచ్చి, ఈ మాటల గురించి నాతో మాట్లాడితే చాలండి.”

ఓస్ ఇంతేనా అని ఊరంతా తలూపింది.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు వర్తకులు కొత్త కట్టలు తెచ్చారు, జనమంతా అటు పోయారు. వరాలు ఏనుగు కాలికి ఆనుకుని దారికేసి చూస్తూ కూర్చుంది.

మూడో రోజు సింహాద్రి వచ్చాడు. దూరంగా నిలబడి కాలితో కాసేపు మట్టి గీకాడు.

“తాత మొదటి నెల చెప్పింది, నాకు మళ్ళీ చెప్తావా?”

“నెల పడతది. రాగైపోతావేమో.”

అతను తల దించుకున్నాడు. ముందు ఆమే నవ్వింది. ఇన్నేళ్ళ తర్వాత గట్టు మీద ఆ నవ్వు వినబడింది. తర్వాత కొంచెం జరిగి చోటిచ్చింది.

ఇంతకీ ఆ ఏనుగుని ఎవరు చేశారంటే, అసలు కథ అక్కడ... ఉండండి, అమ్మ రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిస్తే ఫోన్ పోద్ది. నీతి చెప్పేసి పోతున్నా: కట్టలు ఎన్నైనా తెచ్చుకో, కానీ విప్పితే చదవడానికి కావాల్సిన ఆ ఏడు మాటలూ ముందు నేర్చుకో, నేర్చుకున్నన్నాళ్ళూ పక్కన ఎవరూ ఉండరు, తర్వాత ఎవరైనా వస్తే జరిగి చోటివ్వు.