తన్మయికి ఏ లాప్‌టాప్ మంచిది?

మా పార్వతీపురంలో టైపు నేర్పే కూర్మనాథం మాస్టారికి ఒక అలవాటు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పరు. ఈనాడు నాకు నాలుగు వేళ్ళూ నోట్లోకి పోతున్నాయంటే అది ఆయన పెట్టిన భిక్షే కాబట్టి, ఆ అలవాటును నేను గౌరవంగా భరిస్తాను. ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మెషీన్ల బదులు కంప్యూటర్లు వచ్చాయి గానీ, ఆయన మాత్రం మారలేదు.

మొన్న నేను అక్కడ కూర్చుని ఉండగా ఆయన శిష్యురాలు తన్మయి వచ్చింది. ఇంజనీరింగులో సీటొచ్చింది, లాప్‌టాప్ కొనాలి. వైరింగు పనులు చేసే వాళ్ళ అన్నయ్య సూరిబాబు, రోజూ పని దిగగానే షాపులన్నీ తిరిగి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఒకటి చూసిపెట్టాడు. కాస్త మందంగా ఉంటుందట, కిందపడ్డా తట్టుకుంటుందట. ఈ పిల్లకేమో స్నేహితురాళ్ళు కొన్న పల్చటిది కావాలి. "వైర్లు లాగేవాడివి, నీకేం తెలుసు?" అని నోరు జారింది. ఆ పూట నుంచి అతను ఆమెతో మాట్లాడటం లేదు. ఆదివారమే హాస్టలుకి ప్రయాణం.

"మీరే చెప్పండి మాస్టారూ, రెండిట్లో ఏది మంచిది?" అంది ఫోనులో బొమ్మలు చూపిస్తూ.

మాస్టారు ఫోను వైపు చూడనే లేదు.

"పూర్వం టైపు పరీక్షకి ఎవరి మెషీను వాళ్ళే మోసుకెళ్ళాలమ్మా. నేను ఇక్కడివే ఇచ్చి పంపేవాణ్ణి. మహాలక్ష్మి అని ఒక పిల్ల ఉండేది. చేతికి అలవాటైన పాతది తీసుకెళ్ళమని వాళ్ళ నాన్న, కొత్తదే కావాలని అది. ఇద్దరూ నా ఎదురుగానే పోట్లాడుకున్నారు. చివరికి పిల్ల పంతమే నెగ్గింది. తీరా పరీక్షనాడు కుంభవృష్టి. రిక్షా రాలేదు. ఆయన గొడుగు మెషీనుకి పట్టమని కూతురికిచ్చి, చొక్కా విప్పి దానికి చుట్టి, నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నడిచాడు. బల్ల మీద దింపి, 'ఒక్క చుక్క పడలేదమ్మా, ధైర్యంగా కొట్టు' అన్నాడు."

"పాసయిందా?" అంది తన్మయి.

"భేషుగ్గా! పెద్ద ఉద్యోగం చేసి రిటైరైంది కూడాను. ఆమధ్య చూడ్డానికొస్తే, ఆ రోజు కొత్త మెషీను ఎలా పనిచేసిందమ్మా అని అడిగాను. 'అదేం గుర్తులేదు మాస్టారూ. ఒళ్ళంతా నీళ్ళు కారుతుంటే, నా కాగితం తడుస్తుందని నాన్న దూరంగా జరిగి నిలబడ్డాడు. అదొక్కటే గుర్తుంది' అని కళ్ళొత్తుకుంది."

తన్మయి ఫోను పక్కన పెట్టేసింది. "పాపం అన్నయ్య, కాళ్ళు పీకుతున్నా నా కోసమే తిరిగాడు" అంది. నాకూ మనసు అదోలా అయిపోయింది. ఎండనకా వాననకా నన్ను సైకిలెక్కించుకుని ఇదే గుమ్మంలో దింపిన మా మామయ్య గుర్తొచ్చాడు. ఆయన చల్లగా ఉండాలి.

కాసేపటికి ఆ పిల్ల లేచి, "అయితే అన్నయ్య చూసిందే కొనుక్కోమంటారా?" అని అడిగింది.

"ఏదైనా కొనుక్కో తల్లీ" అన్నారు మాస్టారు. "షాపుకి మాత్రం వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళు."