దివాన్ గారి ఖాళీ విస్తరి

అనగనగా అనడానికైనా ఓపిక మిగలని వంటమనిషి ఒకావిడ ఉండేది. పేరు పేరిందేవమ్మ. దివాణంలో పొయ్యి ముందే ఆవిడ బతుకంతా గడిచిపోయింది. రాజమాత జబ్బుపడ్డాక, పేరిందేవమ్మ ఏం వండిపెట్టినా ఆ తల్లికి ఇమడడం లేదు. పొరుగూళ్లో ఒక వైద్యుడు సాయంత్రాలు పథ్యపు వంట నేర్పుతాడట. గురుదక్షిణా, బండి కిరాయీ దివాణం ఇప్పిస్తే, పని మానకుండానే నేర్చుకుంటానని పేరిందేవమ్మ దివాన్ గారి చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. వెళ్లినప్పుడల్లా ఆయన రేపు రమ్మన్నారు. చివరికి విసుక్కున్నారు.

"వంట ఒకసారి నేర్చుకున్నావు కదా! మళ్లీ నేర్చుకోవడమేమిటి?"

వాదించే ఓపిక లేక ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దివాన్ గారు భోజనానికి కూర్చున్నారు. ఆవిడ విస్తరి వేసి, మంచినీళ్లు పెట్టి, గోడకి చేరగిలబడింది.

"వడ్డించవేం?"

"నిన్న తిన్నారు కదండీ. మళ్లీ తినడమేమిటి?"

"నిన్నటి తిండి ఇవాళ్టి ఆకలికి సరిపోతుందా?"

"నేనెప్పుడో నేర్చిన వంట కూడా రాజమాతగారి ఇవాళ్టి జబ్బుకి సరిపోవడం లేదండీ."

దివాన్ గారు ఖాళీ విస్తరి దగ్గరికి లాక్కున్నారు. "సరే, రేపు రా, ఇప్పిస్తాను. ముందు వడ్డించు."

పేరిందేవమ్మ కదల్లేదు. "అయితే వడ్డన కూడా రేపేనండీ."

దివాన్ గారు విస్తరి ముందు నుంచి లేవకుండానే, గురుదక్షిణా బండి కిరాయీ ఇప్పించమని ఆజ్ఞ రాసిచ్చారు. అప్పుడు లేచింది ఆవిడ, మోకాళ్లు పట్టుకుని. ఈలోగా చారు చల్లారిపోయింది. వేడి చెయ్యమనడానికి దివాన్ గారికి ధైర్యం చాల్లేదు.