మూడో గడప

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు కామేశం మాస్టారికి లేదు. ఏదో ఒక పని పురమాయించి ఊరుకుంటారు. చైనాలోని ఒక పట్నంలో తెలుగు కుటుంబాల కోసం ఆయన ఆదివారపు బడి నడిపేవారు. పిల్లలతోబాటు పెద్దలూ వచ్చి కూర్చోవలసిన బడి అది. ఏడాదికోసారి అందరూ కలిసి విహారానికి వెళ్ళేవారు. ఆ రోజు ఎవరి బిడ్డను వారు చూసుకోకూడదు, మరొకరి బిడ్డను చూసుకోవాలి. ఆ నియమం మీద సణగని తల్లి లేదు.

ఆ ఏడు పురాతనమైన ఒక బౌద్ధాలయానికీ, దాని వెనకున్న ఉద్యానవనానికీ వెళ్ళారు. మాస్టారి దగ్గర పాఠాలు చెప్పడం నేర్చుకుంటున్న హైమవతి బస్సు దిగుతూనే ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, కాకిపిల్ల కాకికి ముద్దంటారు కదా. పరాయి బిడ్డను కన్నబిడ్డలా చూడడం మనిషికి సాధ్యమేనా?"

మాస్టారు నవ్వి, ఆ బడికే వచ్చే ప్రసూన కూతురు నాలుగేళ్ళ మేదినిని ఆమెకు అప్పగించారు. హైమవతి కొడుకు విహారి ప్రసూన పాలబడ్డాడు. ఆరేళ్ళవాడు, కాలు ఒకచోట నిలవని పిడుగు.

ఆలయంలో ఒకదాని వెనక ఒకటి మూడు ద్వారాలు. ప్రతి ద్వారానికీ పెద్దవాళ్ళ మోకాలెత్తు గడప. "మన ఇళ్ళలోలాగే ఇక్కడా గడప తొక్కకూడదమ్మా, నేను ఎత్తుకుని దాటిస్తాగా" అని హైమవతి మేదినికి చెప్పింది. రెండు గడపలు అలాగే దాటించింది కూడా. కానీ ఆమె కళ్ళు మాత్రం ముందు నడుస్తున్న కొడుకు వీపుమీదే ఉన్నాయి.

మూడో ద్వారం దగ్గరికి వచ్చేసరికి, అవతల తోటలో విహారి కొలను గట్టు మీద బోర్లా పడుకుని చేపలకేసి వంగుతున్నాడు. హైమవతికి పైప్రాణం పైనే పోయింది. ఒక్క అంగలో గడప దాటి పరుగెత్తింది. ఆమె చేరేలోపే ప్రసూన వాణ్ణి రెక్క పట్టుకుని లేపేసింది.

"వీడికేం కాలేదులెండి. మా మేదిని ఏదీ?" అంది ప్రసూన.

హైమవతి తన చేతిని చూసుకుంది. ఖాళీగా ఉంది. ఎప్పుడు వదిలిందో కూడా గుర్తులేదు.

"ఇక్కడే... నా వెనకే..." అంది.

ప్రసూన విహారిని లాక్కుంటూ కొలను వెంబడి పరుగెత్తింది. హైమవతి వంతెన కిందా, పొదల్లోనూ వెతికింది. ఎండలో పచ్చగా మెరుస్తున్న ఆ నీళ్ళను చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. నా బిడ్డ భద్రంగా ఉన్నాడని ఒక్క క్షణం అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు ఎటునుంచి వచ్చావమ్మా?" అని మాస్టారు అడిగాకగాని ఆమెకు వెనక్కి తిరగాలని తోచలేదు.

మూడో గడపకు అవతలే, ఆలయం వైపునే ఉంది మేదిని. జనం పక్కనుంచి దాటిపోతున్నా కదలకుండా నిలబడి ఉంది. హైమవతిని చూడగానే రెండు చేతులూ పైకి చాచింది.

"తొక్కలేదత్తా! ఎత్తుకుంటానన్నావుగా!"

హైమవతి పిల్లను ఎత్తుకుని భోరున ఏడ్చింది. ప్రసూన రొప్పుతూ వచ్చి కూతుర్ని అందుకుంది. అప్పటిదాకా పట్టుకుని ఉన్న విహారి చేతిని అప్పుడు వదిలింది.

తిరుగు ప్రయాణంలో హైమవతి తలెత్తలేకపోయింది. "నా ప్రశ్నకు నేనే జవాబు చెప్పుకున్నాను మాస్టారూ. అది మనిషివల్ల కాదు" అంది.

పక్కన విహారి ఎర్రగా కందిన మణికట్టు రుద్దుకుంటూ గొణిగాడు. "ప్రసూనత్త ఎంత గట్టిగా పట్టుకుందో! ఏడుస్తూ పరుగెత్తుతూ కూడా వదల్లేదమ్మా."

మాస్టారు కిటికీలోంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"వాడి చెయ్యి ఒకసారి చూడమ్మా. ఆ తర్వాత చెప్పు, అది మనిషివల్ల కాదని."