చెరిసగం పాఠం

కొండ మీద బౌద్ధ భిక్షువులు నివాసముండి వెళ్ళిపోయి ఎన్ని తరాలయిందో ఆ చుట్టుపక్కల జంతువులెవరికీ తెలీదు. మిగిలిందల్లా ఒక ఇటుకల దిబ్బ, పక్కన పైకప్పు ఎగిరిపోయిన గది, ఆ గదిలో ఒక ముసలి తాబేలు. ఆయన ముత్తాతలెవరో భిక్షువుల గుమ్మం దగ్గర చెవులప్పగించి ధ్యానం నేర్చుకున్నారట. ఆ విద్య వంశంలో నిలిచి తాబేలు తాతదాకా వచ్చింది. రోజూ పొద్దు వాలగానే తాత ఆ గదిలో పాఠం మొదలుపెట్టేవాడు.

పాఠం చిన్నదే. కళ్ళు మూసుకుని ముందు "నేను సుఖంగా ఉండాలి" అని మనసారా అనుకోవాలి. తర్వాత మనకి కావలసినవాళ్ళు, ఆ తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఆ పైన మనకి గిట్టనివాళ్ళు, చివరికి సమస్త ప్రాణులూ సుఖంగా ఉండాలని కోరుకోవాలి. కాకపోతే చెప్పేది తాబేలు. తాత "నేను" అన్నాక "సుఖంగా" అనేలోపు, పాఠానికొచ్చిన కొంగ పక్కనున్న మడుగులోకి దిగి చేపని పట్టి మింగి, తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు కళ్ళు మూసుకునేది.

ఈ పాఠం ఒక్క రోజు కూడా మాననివాళ్ళు ఇద్దరు. ఒకడు పుల్లయ్య అనే ఎద్దు, రెండోవాడు వీరాసామి అనే నక్క.

పుల్లయ్య కొండ కింద పైడయ్య అనే రైతు దగ్గర అరక లాగేవాడు. పైడయ్య అరక విప్పి, నీళ్ళు పెట్టి వదిలేసరికి పొద్దు గూకబోయేది. ఆదరాబాదరా కొండెక్కేసరికి పాఠం ఆఖరుకొచ్చేది. గుమ్మం బయట నిలబడి ఆ తోకముక్క విని, భక్తిగా తలూపి దిగిపోయేవాడు. కాబట్టి పుల్లయ్యకి తెలిసిన ధర్మం ఒక్కటే: పరాయివాళ్ళు సుఖంగా ఉండాలి.

వీరాసామి అలా కాదు. అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. "నేను సుఖంగా ఉండాలి" అన్న మాట చెవిన పడగానే ఒళ్ళు పులకరించేది. అంత మంచి మాట విన్నాక ఆలస్యం చెయ్యడం పాపమనిపించి, మిగతా పాఠం వదిలేసి, విన్నదాన్ని ఆచరణలో పెట్టడానికి పరిగెత్తేవాడు. తాత తల డిప్పలోకి లాక్కుని ధ్యానం చేస్తాడు గనక ఎవరొచ్చారో ఎవరు పోయారో ఆయనకి తెలిసేది కాదు.

ఒకరోజు ఇద్దరూ కొండ దారిలో ఎదురుపడ్డారు.

"ఏం పుల్లన్నా, పాఠం బాగా ఒంటబట్టిందా?" అన్నాడు వీరాసామి.

"ఏదో నా మట్టిబుర్రకి ఎక్కినంత. పరాయివాళ్ళు సుఖంగా ఉండాలి, అంతేగా?"

వీరాసామి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. విన్నాక మాత్రం చాలా నచ్చింది.

"పరాయివాళ్ళంటే ఎవరెవరన్నా?"

"నేను కానివాళ్ళంతా."

"అయితే నేను నువ్వు కాదు కదా?"

"కావు."

"పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదన్నా," అన్నాడు వీరాసామి, పొట్ట లోపలికి లాక్కుని.

ఆ రోజు పుల్లయ్య తొట్టిలోని ఉలవ గుగ్గిళ్ళన్నీ వీరాసామి పొట్టలోకి పోయాయి. మర్నాడూ పోయాయి. గుగ్గిళ్ళు తిన్నాక వాగు అవతలి పుచ్చతోట గుర్తొచ్చి, కాళ్ళు తడిస్తే జలుబు చేస్తుందని పుల్లయ్య వీపెక్కి వాగు దాటాడు. తిరిగొచ్చాక పుల్లయ్య పడుకునే గడ్డి మెత్తగా ఉందని దాని మీద ముడుచుకుని పడుకున్నాడు. పుల్లయ్య పక్కన నిలబడి, "వీరాసామి సుఖంగా ఉండాలి" అని ధ్యానం చేసుకున్నాడు. నిజానికి అంత వెంటనే ఫలించిన ధ్యానం ఇంకోటి లేదు.

అదే పాకలో అచ్చమ్మ అనే గేదె ఉండేది. ఆవిడకి నోరు కాస్త పెద్దది.

"ఒరే పుల్లయ్యా, నీ పక్కటెముకల మీద బట్టలారేసుకోవచ్చు. ఆ తొట్టి నీదిరా. వాడి అబ్బ సొత్తా?"

"పాపం, ఆకలన్నాడు అచ్చక్కా."

"నీకు ఆకలెయ్యదా?"

"అది పాఠంలో లేదక్కా."

అచ్చమ్మ తోకతో ఈగని తోలి, తన తొట్టి వైపు తిరిగింది.

పాఠంలో లేకపోయినా ఆకలి తన పని తాను చేసుకుపోయింది. ఒకనాడు సాలు మధ్యలో పుల్లయ్య ముందుకాళ్ళు మడతపడి కాడితో సహా కూలబడ్డాడు. జోడెద్దు బెదిరి పక్కకి లాగింది. పైడయ్య వచ్చి కాడి విప్పి, నీళ్ళు చల్లి లేపి, ఇంటికి తోలుకొచ్చాక పెళ్ళాంతో అన్నాడు: "తిండి పెట్టడం లేదా అంటే తొట్టి ఖాళీ అవుతూనే ఉంది. ఏం రోగమో ఏమో. ఇంకోసారి ఇలా కూలబడ్డాడంటే వచ్చే సంతకి తోలేస్తాను."

బక్కచిక్కిన ఎద్దుని సంతలో కొనేవాడు పొలం దున్నడానికి కొనడని పశువులన్నిటికీ తెలుసు. అచ్చమ్మ నెమరు వెయ్యడం ఆపేసింది. అలవాటు ప్రకారం గుగ్గిళ్ళకి వచ్చిన వీరాసామికి పుల్లయ్య సంగతి చెప్పాడు.

"అయ్యో అన్నా!" వీరాసామి భోరుమన్నాడు. "నువ్వు పోతే నా గతేంటి?" ఆయన జీవితంలో ఏడ్చిన నిజమైన ఏడుపు అదొక్కటే. ఏడుస్తూనే తొట్టి ఖాళీ చేశాడు.

మర్నాడు అమావాస్య. అమావాస్య నాడు ఆ ఊళ్ళో ఎవరూ అరక కట్టరు. పుల్లయ్యకి ఒక సందేహం పట్టుకుంది. కసాయివాడు కూడా సుఖంగా ఉండాలని కోరుకోవాలా? కోరుకుంటే కత్తి పదును కూడా కోరుకున్నట్టేనా? తాతని అడుగుదామని, పొద్దు వాలకముందే తూలుతూ కొండెక్కాడు. ఇరుకు గదిలో ఆ పెద్ద ఒంటికి చోటేదీ? గుమ్మంలోనే ఒదిగి కూర్చున్నాడు. ముందు వరసలో వీరాసామి ఎవరినీ చూడకుండా కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాడు.

"నేను..." అన్నాడు తాత. కొంగ వెళ్ళి చేపని తినొచ్చింది. "...సుఖంగా ఉండాలి."

తాత తన గురించి చెప్పుకుంటున్నాడనుకుని పుల్లయ్య, "తప్పకుండా ఉండాలి తాతా," అన్నాడు.

డిప్పలోంచి తల బయటికొచ్చింది. "నేను కాదు నాయనా. నువ్వు."

"నేనా? నేను పరాయివాణ్ణి కాదు కదా తాతా!"

"ఎవరు నువ్వు? ఎప్పుడూ చూసినట్టు లేదే?"

"రోజూ వస్తాను తాతా. అరక విప్పాక."

"అదా సంగతి. తల లేని పాఠం విన్నావన్నమాట. ప్రాణులన్నీ సుఖంగా ఉండాలని రోజూ విన్నావే, నువ్వు ప్రాణివి కాదూ? నీ ఆకలి నీకే తెలియకపోతే ఎదుటివాడిది ఆకలో దొంగాకలో ఎలా తెలుస్తుంది? కళ్ళు మూసుకుని అను."

పుల్లయ్య కళ్ళు మూసుకున్నాడు. "నేను..." అన్నాడు. ఎవరి సొమ్మో దొంగిలిస్తున్నట్టు సిగ్గేసింది. మళ్ళీ అన్నాడు. "నేను సుఖంగా ఉండాలి." అనగానే మెడ మీద కాడి ఒరుసుకుని పడ్డ పుండు మంటెత్తింది. అది ఎన్నాళ్ళనుంచో ఉంది, చూసుకున్నదే లేదు. కడుపులో ఆకలి ఇంత ఉందా అనిపించింది. తన మీద తనకే జాలేసి, పుల్లయ్య దూడలా ఏడ్చాడు.

కళ్ళు తెరిచేసరికి, ఆ మంచి మాట రెండోసారి కూడా విని మురిసిన వీరాసామి తోక దులుపుకుని లేస్తున్నాడు.

"ఎక్కడికి వీరాసామీ? పాఠం ఇంకా ఉందే?"

గుమ్మం నిండా పుల్లయ్యే ఉండడం చూసి వీరాసామి కంగారుపడ్డాడు. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "నాకు కావలసినంత అయిపోయిందన్నా."

అప్పటికి పుల్లయ్య మట్టిబుర్రలో దీపం వెలిగింది. రోజూ వీడు వినేది ఆ మొదటి ముక్క! పుల్లయ్యకి కోపం రాలేదు. పాపం, వీడి పాఠానికి తోక లేదనుకున్నాడు. అనుకుని, గుమ్మానికి అడ్డంగా కాళ్ళు బార్లా చాపి పడుకున్నాడు.

"లే అన్నా, దారివ్వు."

"సుఖంగా ఉండమన్నాడు కదా తాత. ఇక్కడ పడుకుంటే నాకు మహా సుఖంగా ఉంది."

వీరాసామి దూకబోయాడు. పుల్లయ్య కొమ్ములు కొంచెం పైకెత్తాడు. వీరాసామి వెనక్కి తగ్గి గొంతు మార్చాడు. "అన్నా, ఇంటి దగ్గర పిల్లలకి ఒళ్ళు కాలిపోతోంది."

"మంచి సమయానికి గుర్తొచ్చారు. ఇప్పుడు చెప్పేది కావలసినవాళ్ళ గురించే. కూర్చో."

తాత ఆ మెట్టు దాటేసరికి ఎండ గోడ దిగిపోయింది. "అన్నా, దారినపోయేవాడెవడో నూతిలో పడ్డాడట!" అన్నాడు వీరాసామి.

"చూశావా, ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళ వంతు. నువ్వు పాఠం కంటే ముందే ఉన్నావు."

ఇంతలో కొండ కింద నిజంగానే కుక్క మొరిగింది. పుల్లయ్య ఇల్లు చేరలేదని పైడయ్య, ఎప్పుడూ కట్టేసి ఉంచే తన కుక్కని విప్పి వదిలాడు. వీరాసామికి ముచ్చెమటలు పోశాయి. "అన్నా! కుక్క! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"గిట్టనివాళ్ళ వంతు," అన్నాడు పుల్లయ్య. "అను."

వీరాసామి వణుకుతూ కళ్ళు మూసుకున్నాడు. "కుక్క సుఖంగా ఉండాలి. వాళ్ళింట్లోనే సుఖంగా ఉండాలి. కదలాల్సిన పని లేకుండా ఉండాలి."

కుక్క గుమ్మందాకా వచ్చి, పుల్లయ్యని వాసన చూసి, క్షేమంగా ఉన్నాడని చెప్పడానికి వెనక్కి పరిగెత్తింది. ఎద్దు వాసనలో వెనకున్న నక్కని అది పసిగట్టలేదు.

వీరాసామి ఊపిరి పీల్చుకున్నాడు. చివరిది సమస్త ప్రాణుల వంతు. ఇది మాత్రం ఆయన మనసు పెట్టి చేశాడు. "కోళ్ళన్నీ ఆరోగ్యంగా ఉండాలి. ఏ చింతా లేకుండా, బాగా తిని, తొడల దగ్గర ఒళ్ళు చేసి..."

డిప్పలోంచి తాత తల బయటికొచ్చింది. "ఎవర్రా అది? మాటలో చొంగ కారుతోంది. మనసు కుదరలేదు. మళ్ళీ మొదట్నుంచి."

"మొదట్నుంచా!" వీరాసామి గుడ్లు తేలేశాడు.

"నాకేం తొందర లేదు తాతా," అన్నాడు పుల్లయ్య. "ఇవాళ అరక లేదు."

"నేను..." అన్నాడు తాత. కొంగ లేచి మడుగు వైపు వెళ్ళింది.

ఆ మర్నాడు వీరాసామి వచ్చేసరికి పుల్లయ్య తొట్టిలో మూతి పెట్టి ఉన్నాడు. ఎంత పిలిచినా ఎత్తలేదు. అచ్చమ్మ కళ్ళప్పగించి చూసింది. కడుపు నిండాక పుల్లయ్య పక్కకి జరిగాడు. తొట్టి అడుగున కాసిని గుగ్గిళ్ళు మిగిలాయి.

"ఇంతేనా అన్నా?"

"తిను. రోజూ పాఠం చివరిదాకా కూర్చుంటే రోజూ మిగులుస్తాను."

సంత రోజు వచ్చింది. పొదల చాటునుంచి చూస్తున్న వీరాసామికి సంత దారిలో పుల్లయ్య కనపడ్డాడు. "పోతున్నావా అన్నా!" అంటూ రోడ్డు మీదికి ఉరికాడు.

పుల్లయ్య పోతూనే ఉన్నాడు. మెడ మీద కాడి, కాడి కింద కొత్త గోనెపట్టా మెత్త, వెనక పెసల బస్తాల బండి, బండి మీద కూనిరాగం తీస్తూ పైడయ్య.

"సాయంత్రానికి వచ్చేస్తాను వీరాసామీ," అన్నాడు పుల్లయ్య. "పాఠంలో నాకు చోటు పట్టి ఉంచు. గుమ్మంలో."

దయ చూపే వేళ నిన్ను నువ్వు మరిచిపోతే బక్కెద్దువవుతావు, నిన్నొక్కడినే గుర్తుంచుకుంటే నక్కవవుతావు.