రాజుగారి చిలుక తుమ్ము

ఒకానొక రాజ్యంలో శత్రుసేనలకంటే ఒక చిలుక తుమ్ముకే జనం ఎక్కువ హడలిపోయేవారు.

ఆ చిలుక ఉద్దండ భూపతిది. "జయము జయము మహారాజా" అని రోజూ సభను ప్రారంభించేది. మూడు నెలల కిందట దాని ముక్కు మూసుకుపోయింది, కంటి పక్కన బఠానీ గింజంత వాపు వచ్చింది. "జయ..." అనగానే హాచ్! తుమ్మితే అపశకునం కదా! రాజు మొదలు భటుల దాకా అందరూ చతికిలబడి, గుక్కెడు నీళ్లు తాగి, కాసేపాగి లేవాలి. రాజుగారి బంగారు రథం ఊరేగింపు అప్పటికే ఏడుసార్లు వాయిదా పడింది.

రాజవైద్యుడు పెద్దిభట్టు నస్యం పీల్చి తేల్చేశాడు. "ప్రభూ, ఇది దిష్టి. చిలుకను సాకే గవరయ్య కళ్లు మంచివి కావు."

అంతే! పైవాడి తప్పుకు ఎప్పుడూ కిందివాడే కదా బోనెక్కేది! పన్నెండేళ్లు చిలుకను బిడ్డలా పెంచిన గవరయ్యను సభలో నిలబెట్టారు. దేశ బహిష్కారం!

జనం మధ్య నిలబడ్డ అతని భార్య నూకాలుకు ఒళ్లు మండిపోయింది. "రోజూ జీడిపప్పు, బాదంపప్పు, నువ్వులేనా? కాస్త ఆకు పెడదాం దొరా" అని గవరయ్య నెల కిందటే మొత్తుకున్నాడు. "ఆకులు అలములా? కూలివాళ్ల కూడు నా చిలుకకా?" అని రాజు కసిరాడు.

లేఖకుడు తీర్పు చదవబోయాడు. "ఇందుమూలముగా..."

హాచ్!

సభంతా కూలబడింది. నీళ్లు తాగి లేచారు. లేఖకుడు మళ్లీ గొంతు సవరించుకున్నాడు. హాచ్! మళ్లీ కూలబడ్డారు. ఆ సందు చాలు నూకాలుకు. అందరూ కింద కూర్చుని ఉండగా తానొక్కతే నిటారుగా నడిచి ముందుకొచ్చింది.

"దొరా! మండలం రోజులు గడువివ్వండి. చిలుక తుమ్ము మాన్పిస్తాం. మానకపోతే మొగుడూ పెళ్లాం ఇద్దరం దేశం విడిచిపోతాం."

"నూకాలూ, నీకెందుకే..." గవరయ్య ఆపబోయాడు.

"నువ్వూరుకో మావా."

రాజుకు ఊరేగింపు గుర్తొచ్చింది. "సరే. కానీ నా చిలుక రాజభోజనం తప్ప మరోటి ముట్టదు. తెలిసిందా?"

"చిత్తం దొరా. పల్లెటూరిదాన్ని, తెలియక అడుగుతాను. రాజభోజనమంటే ఏది? బంగారు పళ్లెంలో ఉన్నదా?"

రాజు మీసం దువ్వాడు. "పళ్లెంలో ఏముందే పిచ్చిదానా! నా చేయి తాకిందే రాజభోజనం!"

సభ చప్పట్లతో మారుమోగింది.

"లేఖకులవారూ, రాసుకున్నారా?" అంది నూకాలు. అతను రాసుకున్నాడు.

అప్పుడు ఒడి విప్పింది. గుప్పెడు మునగాకు, తోటకూర కట్ట, నాలుగు పండుమిరపకాయలు! "పేదరాలి కానుక దొరా."

ఆ రాజ్యంలో ప్రజలెవరు కానుక తెచ్చినా రాజు చేత్తో తాకి తిరిగి ఇవ్వాలి. తాతలనాటి ఆచారం. ఉద్దండ భూపతి ముఖం పక్కకు తిప్పుకుని కొనవేలితో తాకాడు.

నూకాలు వాటిని కళ్లకద్దుకుంది. "మావా, ఇదిగో రాజభోజనం. పంజరంలో పెట్టు!"

"మోసం! ఆకు ఆకే!" అని అరిచాడు పెద్దిభట్టు.

"అయితే మహారాజు చేయి తాకినా మారని వస్తువు ఒకటుందంటారా అయ్యా?"

పెద్దిభట్టు గబుక్కున నస్యం పీల్చాడు. రాజు ముఖం ఎర్రబడింది. కానీ మాట తనది, ఆచారం తన తాతది!

ఇక చూడండి సంబరం! రోజూ తెల్లవారగానే నూకాలు కానుక తెచ్చేది. ఒకనాడు మునగాకు, ఒకనాడు ఎర్రగుమ్మడి ముక్క. రాజు తాకడం, చిలుక తినడం. గవరయ్య గోరువెచ్చని నీళ్లతో దాని ముక్కు తుడిచేవాడు, సాంబ్రాణి పొగ తగలనిచ్చేవాడు కాదు. ఒకరోజు చితికిన పండుమిరపకాయ తాకిన చేత్తోనే రాజు ముక్కు రుద్దుకుని తానే తుమ్మాడు. చిలుక తుమ్మలేదు. సభ మాత్రం అలవాటుగా కూర్చుంది!

వాపు కొద్దికొద్దిగా తగ్గింది. నలభయ్యో రోజున చిలుక రెక్కలు టపటపలాడించి గంటలా పలికింది: "జయము జయము మహారాజా!"

తుమ్ము రాలేదు! గవరయ్య కళ్లు చెమర్చాయి.

"నా జీడిపప్పులో ఏం తక్కువైందే?" అన్నాడు రాజు.

"కొవ్వుకేం తక్కువ లేదు దొరా. ఒట్టి గింజలే తింటే పక్షి ముక్కు లోపల పాడవుతుంది. మా పెరటి చిలుక ఒట్టి వడ్లు తిన్నన్నాళ్లూ ఇలాగే తుమ్మింది. ఆకు పెడితే కుదుటపడింది. ఈ మాటే మా ఆయన ముందే చెప్పాడు. కూలివాడి నోట వచ్చిందని తమ చెవికెక్కలేదు."

సభ గడగడలాడింది. రాజు తన వేళ్లకంటిన ఆకు పసరు చూసుకున్నాడు. "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"నగలొద్దు దొరా. ఇకమీదట పక్షికి జబ్బు చేస్తే ముందు పక్షిని సాకేవాణ్ణి అడగండి. అంతే."

రాజు బదులివ్వబోయాడు. సరిగ్గా అప్పుడే నస్యం ఎక్కువై పెద్దిభట్టు తుమ్మాడు. హాచ్! సభంతా కూలబడబోయింది.

"కూర్చోకండయ్యా!" అంది నూకాలు. "దొరా, రేపటినుంచి తోటకూర రెండు కట్టలు తెస్తాను. ఒకటి వైద్యులవారికి!"

ఉద్దండ భూపతి కిరీటం జారిపోయేలా పగలబడి నవ్వాడు. గవరయ్యను పక్షిశాలకంతటికీ పెద్దను చేసి, కోట వెనక కూరగాయల తోట నూకాలు చేతికి అప్పగించాడు. ఆనాడే బంగారు రథం కదిలింది. రథం ముందు కట్టిన తోరణాల్లో మామిడాకుల పక్కన మునగరెమ్మలు కూడా ఊగాయి. రథం మీద కూర్చున్న చిలుక దారిపొడవునా వాటినే కొరుక్కుతింది!